రామి కొట్టం

పెద్దవంగర దాటి అడ్డదారిన పోతే ఎర్రమట్టి బండ్లబాట ఒకటి తగుల్తది. ఆ బాట మీద, మిరపచేన్ల నడిమిట్ల, ఒక పాత కల్లం. కల్లం పక్కన రేకుల కొట్టం. దానికి తలుపు లేదు. తలుపును ఎవడో ఎత్తుకపోయిండట, మూడొద్దులకే మళ్ల తెచ్చి గోడకు ఆనిచ్చి పోయిండట. ఎందుకు తెచ్చినవ్ రా అంటే నోరు ఇప్పడట.

రామి కొట్టం — గది దాని పేరు.

పొద్దుగూకినంక అటు కుక్క సుత పోదు. ఒకాయన ఆడ నిలవడి బీడీ ముట్టిస్తుంటే లోపలికెల్లి "నాకొకటి..." అని ఇనవడ్డదట. ఇంకొకాయన ఎడ్లు ఆడికి రాంగనే మోకాళ్లేసినయట. ఆయన ఎడ్లు ఏడనన్న నాలుగడుగులు సక్కగ నడిచినయా అంటే, అది వేరే ముచ్చట. ఎవలేమన్నా ఒక్కటి మాత్రం కండ్లార సూడొచ్చు. బతుకమ్మ పండుగ వచ్చిందంటే చుట్టుపక్కల తంగేడు చెట్లన్ని బోడయితయి, మొగ్గ సుత మిగలదు. రామి కొట్టం చుట్టున్న తంగేడు మాత్రం ముట్టినోళ్లు లేక విరగబూసి ఉంటది.

రామి తండా మనిషి, ముసలి లాలి బిడ్డ. ఒక ఎండకాలం మిరపకాయ కల్లం కావలికి ఆ కొట్టంల పండుకుంటే పురుగు ముట్టింది. రాత్రిపూట పాము పేరు ఎత్తరు గద, పురుగనే అంటరు. తెల్లారేదాంక ఎవలికీ తెల్వది. జనం అయ్యో అన్నరు, ఏడ్చిన్రు, మర్చిపోయిన్రు. ఏడాది దాంక ఎవలూ ఏమనలే.

ఏడాదికి రామి దెయ్యమైంది. అయిందేంది... చేసిన్రు. చేసినోడు గట్టయ్య.

కల్లం ఆయనదే. కొట్టం ఆయనదే. రామి కావలి పండుకున్న మిరపకాయలు సుత ఆయనయే.

గట్టయ్యకు ఒక్కతే చెల్లె, స్రవంతి. డిగ్రీ చదువుతుండె. వాగు అవతలి ఊరి పిలగానితోని పెండ్లి కుదిరింది. పెండ్లి మూడు నెలలున్నదనంగ పిల్ల నిద్ర మర్చిపోయింది. రాత్రంత గోడతోని మాట్లాడుడు. టీవీల వార్తలు చదివే ఆమె తననే తిడ్తాందనుడు. అన్నంల ఏదో కలిపిన్రని కంచం ఇసిరికొట్టుడు. ఒకనాడు నడి బజార్ల కూసొని ఒకటే నవ్వుడు, పొద్దందాక.

"స్రవంతికి పిచ్చి లేసిందట" అన్నది ఊరు.

ఆ రాత్రి గట్టయ్య కన్ను మూయలే. మన దిక్కు సంగతి మనకు తెల్వందా? పిచ్చి అన్న మాట పడ్డదంటే ఇంటిపేరు లెక్క అంటుకుంటది. ఆ పిల్లకు పెండ్లి కాదు. ఆఖరికి అన్నకు పుట్టిన బిడ్డను సుత "మేనత్తకు పిచ్చట" అని వెనుకకు పంపుతరు. అదే దెయ్యం పట్టిందనుకో — అయ్యో పాపం అంటరు. తప్పు దెయ్యానిది, పిల్లది కాదు. యాపమండలతోని కొడ్తరు, మిరపపొగ వెడ్తరు, వదిలింది పో అంటరు. వదిలినంక పిల్ల ఎప్పటి పిల్లనే. సంబంధం సుత ఉన్నకాడ ఉంటది.

దెయ్యం కావాలంటే సచ్చినోళ్ల పేరొకటి కావాలె. పెద్దిండ్ల పేరెత్తితే కట్టెలు పట్టుకొని వస్తరు. లాలికైతే వెనుకా ముందు ఎవలూ లేరు. గట్టయ్య అట్లనే ఆలోచన చేసిండు. తర్వాత తర్వాత అది యాదికొస్తే అద్దంల మొకం సూసుకోబుద్ది కాకపోయేది.

తెల్లారి మిట్టమధ్యాహ్నం ఒక్కడే కొట్టం కాడికి పోయిండు. మాడు పగిలే ఎండ. చెప్పులిడిచి గడప కాడ నిలవడ్డడు.

"రామక్కా... నీ పేరు జర వాడుకుంట. తప్పనుకోకు."

జరసేపు ఆగిండు. రేకులు ఎండకు టిక్కుటిక్కుమన్నయి గంతే, ఇంకేం ఇనవడలే. మల్లొచ్చిండు. ఈ ముచ్చట ఇంట్ల చెప్పలే, చెల్లెకు చెప్పలే, ఎవ్వలికీ చెప్పలే. ఊర్లకొచ్చి ఒక్క మాటన్నడు. "చెల్లె సందెపూట కల్లం దిక్కు పోయింది. అప్పటిసంది గిట్లయింది."

అంతే సాలు. మిగిలిందంత ఊరే అల్లుకున్నది.

మంత్రగాడొచ్చిండు. వాకిట్ల ముగ్గేసి పిల్లను కూసోవెట్టిండు. బొగ్గుల మీద ఎండుమిరపకాయలు పోసి మొకం కింద పెట్టిండు.

"ఎవలు నువ్వు? చెప్పు! ఏడికెల్లొచ్చినవ్?"

పిల్ల చెప్పదు. దగ్గీ దగ్గీ కండ్లు ఎర్రబారినయి. యాపమండలు వీపు మీద పడ్తనే ఉన్నయి. గట్టయ్య తట్టుకోలేకపోయిండు. పిల్ల తలకాయ పట్టుకున్నట్టు వంగి, ఆమె చెవుల గుసగుస అన్నడు.

"రామి అను చెల్లే... అంటే ఇడిచిపెడ్తరు."

"రామిని" అన్నది స్రవంతి.

కన్నతల్లి చెప్తె దెయ్యం ఇంటదని తండాకు మనిషిని పంపి లాలిని పిలిపిచ్చిన్రు. ముసల్ది చెప్పులు లేని కాళ్లతోని ఉరికొచ్చింది. పొగల, ఎంట్రుకలు ఇరవోసుకొని కూసున్న పిల్ల ముంగట గొంతుక్కూసున్నది. గదుమ పట్టుకున్నది.

"రామీ... గీ పిల్లను ఇడువు బిడ్డా. పెండ్లి కావలసిన పిల్ల. నీకేం గావాల్నో నన్నడుగు."

కొంగుల ముడేసుకొచ్చిన జొన్నరొట్టె ముక్క తుంపి నోట్ల పెట్టింది. స్రవంతి తిన్నది. ముసలిదాని కండ్లల్లకే సూసుకుంట మెల్లగ నమిలింది. లాలి ఏడ్చుకుంట ఇంకో ముక్క పెట్టింది. గట్టయ్య సిగ్గుతోని గోడ దిక్కు మల్లుకున్నడు.

దెయ్యం వదిలిందన్నరు. వారం తిరగకముందే గట్టయ్య చెల్లెను దొంగతనంగ వరంగల్ తీస్కపోయి దవాఖానల సూపెట్టిండు. డాక్టరమ్మ శానసేపు మాట్లాడింది, గోలీలు రాసింది. "ఒక్కరోజు కూడా మానకూడదు" అన్నది. నెలా రెండు నెలలల్ల పిల్ల ఎప్పటి లెక్క మనిషయింది. మంచి పేరు మంత్రగానికొచ్చింది. పెండ్లి ధూంధాంగ అయింది.

లాలిని మాత్రం కూలికి పిలుసుడు బంద్ చేసిన్రు. దెయ్యం తల్లి అన్నరు. ఆమె ఎదురొస్తే బాలింతలు పిల్లలకు కొంగు కప్పేది. బోరింగు కాడ ఆమె బిందె పెడితే మిగిలిన బిందెలు పక్కకు జరిగేది. గట్టయ్య ఇవన్ని సూసేటోడు. సూసి, వేరే పని ఉన్నట్టు అటు మల్లేటోడు.

ఇగ ఆ రాత్రి ముచ్చట.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పదిహేనొద్దులు. బస్సులు బంద్, బడులు బంద్. భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిలోళ్లు సుత పనిల దిగలే, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికెరుక. ఆనాడు పెత్రమాస. సచ్చిపోయిన పెద్దలకు బియ్యమిచ్చుకునే అమాస. సందెకు ఎంగిలిపూల బతుకమ్మ. ఆడిబిడ్డలంత తల్లిగారింటికి రావాలె గని బస్సులేవి?

పొద్దుగాల స్రవంతి ఫోన్ చేసింది. "అన్నా... మలీద ఎప్పుడు తెస్తవ్?"

మలీద అంటే రొట్టెను బెల్లంతోని పిసికి కట్టే ముద్దలు, బతుకమ్మ పలారం. అన్నాచెల్లెండ్ల నడుమ మాత్రం మలీద అంటే గోలీలు. అత్తగారింట్ల తెల్వకుండ పెట్టుకున్న గుర్తు. గోలీలు అయిపోయి రెండొద్దులైందట. "నిద్ర పడ్తలేదన్నా" అన్నది. మాట మీద మాట ఎక్కుతాంది. ఆ ఉరుకుడు గొంతు గట్టయ్యకు ఎరుకే. ఇంకో రెండొద్దులు ఆగితే అది గోడతోని మాట్లాడ్తది. అప్పుడు ఏ రామి పేరు చెప్పినా అత్తగారోళ్లు నమ్మరు.

యోహాను సారు బడి పంతులు, సమ్మె టెంటుల ముందువరుస మనిషి. గట్టయ్య చీటి ఇచ్చి పంపితే, పొద్దూకే యాళ్లకు వరంగల్ నుంచి మోటరుసైకిలు మీద గోలీలు పట్టుకొచ్చిండు.

"ఏం గోలీలే గట్టయ్యా ఇవి?"

"అమ్మకు, సారూ. బీపీ."

అబద్ధం ఎంత అలవాటైందంటే నాలుకకు తడుముకునుడు సుత లేదు. గోలీలను మలీద డబ్బ అడుగున పెట్టి, మీద ముద్దలు పేర్చి, గట్టయ్య అడ్డదారి పట్టిండు. రోడ్డు మీంచి పోతే పొద్దుపోతది. అడ్డదారైతే గంటన్నర.

అడ్డదారంటే... కొట్టం ముంగట్నుంచే.

అమాస చీకటి. వెనుక ఊర్లె ఆడోళ్ల బతుకమ్మ చప్పట్లు దూరమైనయి. కప్పల సప్పుడు. సెల్లుఫోను లైటు అడుగు దూరం దాంక కొడ్తాంది. దెయ్యం లేదని ఆ ఊర్లె అందరికన్న ఎక్కువ ఎరుకున్నోడు గట్టయ్య. పుట్టిచ్చింది తనే గద! అయినా కల్లం దగ్గరపడ్డకొద్ది లైటు కాళ్ల కాడనే కొట్టుకుంట నడిసిండు.

తంగేడు పొదలు... కొట్టం... రేకు పట్టుకొని వేలాడే తీగ...

లోపల్నుంచి ఆడమనిషి గొంతు.

గట్టయ్య నిలవడిపోయిండు. గొంతు ఏదో అన్నది. ఆగింది. మళ్ల అన్నది... ఆగింది. నడుమ నడుమ ఆ ఆగుడే బుగులు పుట్టిచ్చింది. ఎదుటిమనిషి జవాబు చెప్తుంటే ఇంటున్నట్టు. ఊఁ కొట్టినట్టు. ఒకసారి సన్నగ నవ్వు.

"రామక్కా..." అన్నడో లేదో, డబ్బ సంకల వెట్టుకొని ఉరికిండు. పొద్దుగాల సమ్మె టెంటుల మైకు పట్టుకొని పోలీసోళ్లకే భయపడేది లేదన్న మనిషి! ఒక చెప్పు ఊడి బాట మీద్నే పడ్డది. వెనుకకు సూస్తె ఒట్టు.

చెల్లె అత్తగారి వాకిట్ల గ్యాసులైటు ఎలుగుతాంది. అత్తమ్మ మంచినీళ్లిచ్చింది. "గింత రాత్రి మలీద కోసం వస్తరా అయ్యా, చెల్లె మీద గంత పాణమా?" అని నవ్వింది. స్రవంతి డబ్బ తీస్కొని లోపలికి పోయింది. బయటికొచ్చేటప్పుడు మూతి తుడుసుకుంట వచ్చింది. గోలీ మింగింది. గట్టయ్యకు అప్పుడు ఊపిరి తిరిగింది.

సాగనంపనీకె గేటు దాంక వచ్చి, చెల్లె చిన్నగ అడిగింది.

"అన్నా, ఇయ్యాల పెత్రమాస. లాలవ్వకు ఎవలన్న ఇంత పెట్టిన్రా?"

గట్టయ్య బాట దిక్కు సూసిండు.

"ఆనాడు ఆమె రొట్టె పెట్టింది. నేను రామిని కాదని నాకు ఎరుకనే అన్నా. నువ్వు అనమన్నవ్, అన్న. దెబ్బలు ఆగాలని అన్న. ఆమె 'బిడ్డా' అంటుంటే ఆమె కండ్లల్లకు సూసి తిన్న. నాకు నయమైంది గద. ఆమెకు చెప్పు."

"చెప్తె ఊరికి తెలుస్తది. మీ అత్తమ్మకు తెలుస్తది. నీ కాపురం..."

"తెలిస్తే తెల్వనీ. రోజూ మింగుడు బాధ కాదు నాకు. దాసుకొని మింగుడు బాధ. ఆమెను సూస్తె ఇంకా బాధ. చెప్పన్నా."

వచ్చేటప్పుడు గట్టయ్య ఒంటి చెప్పుతోని నడిసిండు. చెల్లెకన్న పదేండ్లు పెద్దోడు. ఆ పిల్లకున్న ధైర్యం తనకు లేకపాయె అని బాటపొంటి సిగ్గువడ్డడు. ఒక ముసల్దాన్ని ఊరంత కలిసి వెలేస్తుంటే, ఊర్లె అసలు సంగతి తెల్సినోడు తనొక్కడే. తెల్సి నోరు మూసుకున్నడు.

కల్లం కాడికొచ్చిండు. లైటు కొట్టిండు.

ఊడిన చెప్పు బాట మీద లేదు. కొట్టం గడప కాడ ఉన్నది. సక్కగ, ముక్కు బాట దిక్కు తిప్పి, తొడుక్కుంటందుకు తయారుగ పెట్టి ఉన్నది.

లోపల బుడ్డిదీపం. దీపం పక్కన మోదుగాకు ఇస్తరి, అండ్ల రెండు జొన్నరొట్టెలు, ఇంత మిరంతొక్కు. దీపం ముంగట గొంతుక్కూసున్న మనిషి తల తిప్పింది.

లాలి.

"నువ్వేనా బిడ్డా ఉరికింది?" అన్నది. "నన్ను సూసి దడుసుకున్నవా? అందరు గట్లనే ఉరుకుతరు. నేను రోజూ వస్త ఈడికి. ఇయ్యాల మీ పెత్రమాస గద, రొట్టెలు తెచ్చిన."

"రోజూనా అవ్వా?"

"ఏడాది సంది. ఎవల్ని పట్టకు బిడ్డా, ఎవల జోలికి పోకు, నీ మాట ఏందో నాకు చెప్పు అని కూసుంట. మీ చెల్లె మీదికి మళ్ల పోకుండ సూసుకోవాలె గద నేను. తల్లినైనంక."

గట్టయ్య ఆడిన ఒక్క మాటకు ఈ ముసల్ది ఏడాది సంది, వానల సుత, తన చెల్లెకు కావలి కాస్తాంది. తన మిరపకాయలకు ఆమె బిడ్డ కావలి కాసినట్టే. మట్టిల కూలవడ్డట్టు కూసున్నడు. ఆమె కాళ్ల దిక్కు సూసి మాట్లాడిండు, మొకం దిక్కు సూడలేక.

"అవ్వా... రామి దెయ్యం కాలే. నేను అబద్ధం ఆడిన. మా చెల్లెను ఎవలూ పట్టలే. అది జబ్బు. గోలీలకు తక్కువైంది. రామి పేరు నేనే చెప్పిచ్చిన."

దీపం చిటపటమన్నది. లాలి కొట్టలే, తిట్టలే.

"దెయ్యం కాలేదా?"

"కాలే అవ్వా."

"ఈడ లేదా?"

"లేదు... నీ కాల్మొక్త, లేదు."

ముసల్ది గట్టయ్య దిక్కు, పసిపిల్లను సూసినట్టు సూసింది.

"మరి ఏడాది సంది నాతోని మాట్లాడేదెవలు బిడ్డా?"

వరంగల్ డాక్టరమ్మ స్రవంతిని ముందుగాల అడిగింది ఈ మాటే. ఎవరూ లేనప్పుడు మాటలు వినపడుతున్నాయా అమ్మా? ఆ జబ్బుకు పేరున్నదని, గోలీలున్నయని ఆ చుట్టుపక్కల ఊర్లల్ల ఎరుకున్నోడు తనే. చెప్పాలె. చెప్తె లాలికి నయమైతది. నయమైతే... రామి పోతది. ఒకసారి పురుగు తీస్కపోయిన మనిషిని రెండోసారి తన చేతుల్తోని తీస్కపోవాలె. తనే తెచ్చిపెట్టె, తనే తీస్కపోవాలె. థూ, నీ బతుకు పాడుగాను గట్టయ్యా, అనుకున్నడు.

లాలి మూలకు మల్లింది. చీకటి మూల. ఆడ విరిగిన మంచంకోడు తప్ప ఏం లేదు. తమ లంబాడి మాటల ఏదో అడిగింది, మెత్తగ. ఆగింది. ఇన్నది. ఊఁ కొట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని సన్నగ నవ్వింది.

"పోనియ్యమంటాంది" అన్నది గట్టయ్యతోని.

"ఏంది అవ్వా?"

"నిన్నేమనొద్దంటాంది. దొంగతనంగ తీస్కోలేదట గద నువ్వు. నడి ఎండల వచ్చి, చెప్పులిడిచి, గీ గడప కాడనే నిలవడి అడిగినవట... నీ పేరు జర వాడుకుంట అక్కా అని."

ఆ దినం ఈ కల్లంల పిట్ట సుత లేదు.

"గా ముచ్చట... నీకెవలు చెప్పిన్రవ్వా?"

"ఎవలు చెప్తరు?" లాలి దీపం వత్తి ఎగదోసింది. రొట్టెల ఇస్తరి మూల దిక్కు ఇంకింత జరిపింది.

"అదే చెప్తాంది. నేనప్పుడే సరేనన్న, ఆయనకే ఇనవడలే... అంటాంది."